స్పీడీ వెంట, మావోన్ నుంచి విశాఖ దాకా

మే 3, మావోన్

విమానం దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మావోన్ ఉన్న మెనోర్కా, మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కి చెందిన చిన్న ద్వీపం. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి బస్సులో ఎంతోసేపు పట్టలేదు. రూములో సామాను పడేసి నేనూ మా ఆవిడా నేరుగా రేవుకి బయల్దేరాం. ఊరంతా కొండ అంచు మీద ఉంటుంది, రేవు కింద. మెలికలు తిరిగిన మెట్లదారి దిగుతుంటే తెల్లటి ఇళ్ళ సందుల్లోంచి కాసేపు నీళ్ళు కనబడతాయి, కాసేపు మాయమవుతాయి.

మావోన్ రేవు అంటే భూమిని చీల్చుకుని ఐదు కిలోమీటర్లు లోపలికి వచ్చిన సముద్రం. బయట ఎంత గాలి వీచినా లోపల నీళ్ళు ఊరి చెరువులా ఉంటాయి. అందుకే 18వ శతాబ్దంలో మధ్యధరా మీద పెత్తనం కావాలనుకున్న ప్రతి దేశం కన్నూ దీని మీదే. ఇంగ్లీషువాళ్ళు 1708లో పట్టుకున్నారు. 1756లో ఫ్రెంచివాళ్ళు లాక్కున్నారు. 1763లో మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది, 1782లో స్పెయిన్‌కి పోయింది, 1798లో మళ్ళీ వీళ్ళే వచ్చారు, 1802లో సంధి ప్రకారం స్పెయిన్‌కి అప్పగించి వెళ్ళిపోయారు. నేను వచ్చింది ఆ చివరి నాలుగేళ్ళ కోసం.

కారణం చెప్పాలి. నేను పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో. మా నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు. 1804లో ఫ్రెంచివాళ్ళు మన ఊరి మీదికి ఓడలు వేసుకుని వచ్చి కాల్పులు జరిపారని చిన్నప్పుడు ఆయన చెప్పగా విన్నాను. ఆ ఓడలకు అధిపతి లినోవా. ఇంగ్లండులో ఉద్యోగంలో చేరాక తీరిక దొరికినప్పుడల్లా ఈ లినోవా ఎవరా అని తవ్వడం మొదలుపెట్టాను. విశాఖకు రావడానికి మూడేళ్ళ ముందు అతను మధ్యధరాలో స్పీడీ అనే చిన్న ఇంగ్లీషు ఓడను పట్టుకున్నాడని తెలిసింది. ఆ ఓడ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అది తిరిగిన తీరాన్ని కళ్ళారా చూడాలని అప్పుడే అనుకున్నాను.

స్పీడీ ఒక స్లూప్. ఇంగ్లీషు నౌకాదళంలో స్లూప్ అంటే ఓడ ఆకారం కన్నా దాని హోదాకు పేరు. ఇరవై లోపు ఫిరంగులు, నడిపేవాడు పూర్తి కెప్టెన్‌కి ఒక మెట్టు కింద ఉండే కమాండర్. పెద్ద యుద్ధనౌకలు వరసకట్టి తలపడితే అది చరిత్ర పుస్తకాలకు ఎక్కుతుంది. సరుకు ఓడలకు కాపలా కాయడం, ఉత్తరాలు చేరవేయడం, శత్రువు తీరం వెంబడి తిరిగే పడవల్ని పట్టుకోవడం, ఎవరు ఎటు పోతున్నారో కబురు తేవడం, ఈ రోజువారీ చాకిరీ అంతా స్లూపులది. యుద్ధం ఏళ్ళ తరబడి సాగిందంటే ఆ చాకిరీ మీదే సాగింది.

1782లో డోవర్‌లో కట్టిన స్పీడీకి రెండు తెరచాప కొయ్యలు, 14 ఫిరంగులు. పొడవు 78 అడుగులు, వెడల్పు 25 అడుగుల చిల్లర. కాగితం మీద ఈ అంకెలు నాకు ఎప్పటినుంచో తెలుసు. రేవు గట్టు మీద ఒక లంగరు గుంజ దగ్గర మా ఆవిణ్ణి నిలబెట్టి, గజానికి ఒక అంగ చొప్పున లెక్కపెడుతూ నడిచాను. ఇరవై ఆరు అంగలకి ఓడ అయిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ చెవి కమ్మలు కూడా కనబడుతున్నాయి.

"ఇంతేనా అండీ? ఇందులో ఎంతమంది ఉండేవాళ్ళు?" అంది.

"తొంభై మంది దాకా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆపితే ఎంతో, అంత పొడవు. అందులోనే ఫిరంగులు, మందుగుండు, నీళ్ళ పీపాలు, ఉప్పు మాంసం, పట్టుకున్న ఖైదీలు, నెలల తరబడి తొంభై మంది.

మే 4, మావోన్

పొద్దున్నే లాంచీ ఎక్కి రేవు మధ్యలో ఉన్న ఇల్యా దెల్ రెయ్ అనే దీవికి వెళ్ళాం. 1711లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ నౌకాదళం ఆసుపత్రి కట్టారు. తరవాత చాలాకాలం పాడుబడి ఉంటే, 2004 నుంచి ఊరివాళ్ళే ఆదివారాలు వచ్చి, పిచ్చిమొక్కలు కొట్టి, గోడలు నిలబెట్టి, ఒక్కో గదీ బాగుచేసుకున్నారట. దీవి మీద అడుగుపెట్టగానే ఆ శ్రద్ధ కనబడుతుంది. పొడుగాటి వరండా, వరసగా కమాను ద్వారాలు, మధ్యలో ఎండ. గాయపడ్డ కళాసీలు ఈ వరండాలో కూర్చునే కింద వచ్చిపోయే ఓడల్ని చూసి ఉంటారు.

స్పీడీకి 1800లో కమాండరుగా వచ్చినవాడు థామస్ కాక్రేన్. స్కాట్లండు జమీందారీ కుటుంబం, పేరు పెద్దది, ఆస్తి కరిగిపోయింది. వయసు 24. మనిషి బాగా పొడుగు. స్పీడీలో అతని గదికి ఎత్తు ఐదడుగులు. నిలబడితే తల పైకప్పుకి కొట్టుకుంటుంది. అందుకని గడ్డం గీసుకోవాలంటే పైన వెలుతురు కోసం పెట్టిన కిటికీ తెరిచి, తలా భుజాలూ బయటికి పెట్టి, సబ్బూ కత్తీ డెక్కు మీదే పేర్చుకుని గీసుకునేవాణ్ణని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చుట్టూ తన కిందివాళ్ళు తాళ్ళు లాగుతుంటే, డెక్కులోంచి మొలిచినట్టు కమాండరు తల, దాని మీద నురగ. నాకు ఈ కథలో మొదట నచ్చింది ఆ తలే.

ఫిరంగుల సంగతి ఇంకా దారుణం. అన్నీ నాలుగు పౌన్ల గుండువి. అంటే ఒక్కో గుండు 1.8 కిలోలు, బత్తాయి కాయంత. ఒక పక్క ఏడు ఫిరంగులూ ఒక్కసారి పేలిస్తే మొత్తం 28 పౌన్లు, మన సగం బియ్యం బస్తా బరువు. ఆ గుండ్లన్నీ కోటు జేబుల్లో వేసుకుని డెక్కు మీద పచార్లు చేయగలిగేవాణ్ణని కాక్రేన్ అన్నాడు. పన్నెండు పౌన్ల ఫిరంగులు ఇమ్మని అడిగి తెచ్చుకున్నాడు కూడా. వాటి అదురుకి డెక్కు దూలాలు ఆగవని, పక్కన మనిషి నిలబడే చోటు కూడా లేదని తిరిగి ఇచ్చేశాడు.

తెరచాప పెద్దది వేస్తే వేగమైనా పెరుగుతుందని అడ్డకొయ్య ఒకటి అడిగాడు. ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్న జెనెరో అనే పెద్ద యుద్ధనౌకది దొరికింది. ఇంత చిన్న ఓడకి ఇది మరీ పొడుగు, కోసి పెట్టండని పైనుంచి ఆర్డరు. కోసినట్టు కనబడేలా చివర్లు చిత్రిక పట్టించి, పొడుగు తగ్గించకుండా అలాగే బిగించేశాడు. వడ్రంగి పని తెలిసినవాళ్ళకి ఆ చిత్రిక విలువ తెలుస్తుంది.

లాంచీలో తిరిగి వస్తుంటే రేవు ముఖద్వారం దగ్గర ఎత్తయిన ప్రహరీలతో లాజరెట్ కనబడింది. అంటురోగాల భయంతో ఓడల మీద వచ్చినవాళ్ళని విడిగా ఉంచడానికి కట్టింది, 1817లో తెరిచారు. కరోనా రోజులు చూసిన మనకి ఆ గోడల అవసరం ఒకరు చెప్పక్కర్లేదు. 1800 డిసెంబరులో స్పీడీని కాపాడింది కూడా ఆ భయమే. స్పెయిన్ తీరంలో స్పీడీ మీద కక్షగట్టి వెతుకుతున్నారని తెలిసి, కాక్రేన్ తన ఓడకి క్లోమర్ అనే డెన్మార్క్ ఓడ రంగులు వేయించాడు. డేనిష్ భాష వచ్చినవాణ్ణి ఒకణ్ణి పనిలో పెట్టుకున్నాడు. ఒకరోజు పెద్ద స్పానిష్ యుద్ధనౌక ఎదురై, తనిఖీకి పడవ పంపింది. స్పీడీ పైన పసుపురంగు జెండా ఎగిరింది, అంటే ఓడలో అంటురోగం అనుమానం ఉందని. రెండు రోజుల కింద ఆఫ్రికా తీరం నుంచి వచ్చామని డేనిష్ మనిషి చెప్పాడు. అక్కడ ప్లేగు. పడవ వచ్చిన దారినే వెనక్కి పోయింది. కొందరు ఆఫీసర్లకి ఇది నచ్చలేదట, తలపడి ఉండాల్సింది అన్నారట. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. తొంభై మంది ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడు చేయాల్సిన పనే అది.

మే 5, ఎస్ కస్తెల్, తరవాత ఓడ

ఎస్ కస్తెల్ ఊరిని 1771లో ఇంగ్లీషువాళ్ళే గీత గీసి కట్టారు. అప్పుడు పేరు జార్జిటౌన్. మధ్యలో పెద్ద చౌకు, చుట్టూ సైనికుల పాత బ్యారక్కులు. టీ తాగి అరగంటలో చూసేశాం.

మావోన్ వీధుల్లో మాత్రం ఎక్కువసేపు గడిపాను. ఇక్కడి పాత ఇళ్ళ కిటికీలు ఇంగ్లండులో మా అద్దె ఇంట్లోలాగే కిందికీ పైకీ జరుగుతాయి. బయటికి పొడుచుకొచ్చిన గాజు కిటికీని ఇక్కడివాళ్ళు బోయిందర్ అంటారు, ఇంగ్లీషువాళ్ళ బౌ విండో వీళ్ళ నోట అలా అయింది. కూర పులుసు గ్రెవి, సుద్దముక్క షోక్. ఓడలు పోయి రెండు వందల ఏళ్ళు దాటినా మాటలు ఇళ్ళల్లో మిగిలిపోయాయి. మన ఇళ్ళల్లో బొత్తాం, అల్మారా, మేస్త్రీ మిగలలేదూ, పోర్చుగీసు ఓడల వెనకాల వచ్చి.

పట్టుకున్న ఓడల లెక్క కూడా ఈ ఊళ్ళోనే తేలేది. శత్రువు ఓడని పడితే దాని ఖరీదు పంచుకోవచ్చు. పదహారణాల్లో ఆరణాలు కెప్టెన్‌ది, అందులో రెండణాలు పైనున్న అడ్మిరల్‌కి. ఆఫీసర్లకి, వారంట్ ఆఫీసర్లకి, చిన్న హోదాలవాళ్ళకి రెండేసి అణాలు. మిగతా కళాసీలూ సోల్జర్లూ అందరికీ కలిపి నాలుగణాలు. ఆ నాలుగణాల్లో తన వాటా కోసం మనిషి ఉప్పు మాంసం తిని, తడిబట్టల్లో పడుకుని, ఎదురు ఓడ మీదికి దూకేవాడు. జీతమైతే నెలలు, ఏళ్ళు బాకీ.

రాత్రి బార్సిలోనా వెళ్ళే ఓడ ఎక్కాం. ఆ తేదీకి టికెట్ కావాలనే తీశాను.

మే 6, బార్సిలోనా ముందు సముద్రం

నాలుగున్నరకే లేచి డెక్కు మీదికి వచ్చాను. చలిగాలి. మా ఆవిడ శాలువా కప్పుకుని ఆరింటికి వచ్చి పక్కన నిలబడింది. అప్పటికి తూర్పు తెల్లబడి, ఎదురుగా బార్సిలోనా కొండలు బూడిదరంగులో తేలుతున్నాయి.

1801 మే 6 ఉదయం ఈ నీళ్ళ మీదే స్పీడీకి గామో ఎదురయింది. స్పానిష్ ఓడ, జెబెక్ రకం, 32 ఫిరంగులు, 319 మంది. స్పీడీలో ఆ రోజు ఉన్నది పిల్లలతో కలిపి 54 మంది. మిగతావాళ్ళు పట్టుకున్న ఓడల్ని రేవుకి చేర్చడానికి వెళ్ళారు. గామో ఒక పక్క ఫిరంగులు ఒక్కసారి వేసే బరువు 190 పౌన్లు. స్పీడీది మళ్ళీ ఆ 28.

పారిపోతే ఎవరూ తప్పుపట్టరు. కాక్రేన్ ముందుకే నడిపించాడు. మొదట అమెరికా జెండా ఎత్తాడు, అవతలివాళ్ళు ఎవరో ఏమిటోనని తటపటాయించారు. ఆ కాస్త సందులో గాలికి అనుకూలమైన పక్కకి తిరిగి, అప్పుడు అసలు జెండా ఎత్తి, గామో వేసిన గుండ్లకి జవాబు చెప్పకుండా దాని పొట్ట కిందికి దూరాడు. స్పీడీ అడ్డకొయ్యలు గామో తాళ్ళలో చిక్కుకున్నాయి. చిన్నతనం పనికొచ్చింది అక్కడే. గామో డెక్కు ఎత్తులో ఉంది, దాని ఫిరంగుల మూతులు అంతకన్నా కిందికి వంగవు. గుండ్లన్నీ స్పీడీవాళ్ళ తలల మీదుగా పోయి తెరచాపల్ని చీల్చాయి. స్పీడీ ఫిరంగులు మాత్రం మూతులు పైకెత్తి, ఒక్కోదాంట్లో రెండు మూడు గుండ్లు కూరి, గామో డెక్కుని కిందినుంచి పొడిచాయి. మొదటి విడతలోనే గామో కెప్టెన్ దోన్ ఫ్రాన్సిస్కో దె తొర్రెస్ చనిపోయాడు.

స్పానిష్‌వాళ్ళు దూకబోయిన ప్రతిసారీ స్పీడీ కాస్త పక్కకి జరిగి, తుపాకులు పేల్చి, మళ్ళీ అంటుకునేది. ఇలా ఎంతోసేపు సాగదని అందరికీ తెలుసు. చివరికి కాక్రేన్ అందరినీ తీసుకుని గామో ఎక్కేశాడు. అందరూ అంటే నిజంగా అందరూ. స్పీడీలో మిగిలింది డాక్టరు జేమ్స్ గత్రీ ఒక్కడే, చుక్కాని పట్టుకుని. కొందరు ముఖాలకి మసి పూసుకుని ముందువైపు నుంచి పొగలోంచి లేచారు. ఆ రూపాలు చూసి అవతలివాళ్ళు ఒక్క క్షణం కొయ్యబారిపోయారు. పోరు నడుస్తుండగానే కాక్రేన్ కింద ఉన్న తన ఓడకేసి తిరిగి, ఇంకో యాభైమందిని పంపమని అరిచాడు. వినేవాడు డాక్టరొక్కడే. ఆలోపు ఒకడు స్పానిష్ జెండా దించేశాడు. జెండా పోయిందంటే ఆఫీసర్లు లొంగిపోయారనుకుని మిగతావాళ్ళు కత్తులు కింద పెట్టారు.

గెలిచాక అసలు కష్టం మొదలయింది. నలభై చిల్లర మంది, గాయం తగలని ఖైదీలు 263 మంది. వాళ్ళని గామో అడుగు అరలోకి దింపి, వాళ్ళ ఫిరంగుల్నే మూతి కిందికి గురిపెట్టి, పక్కన నిప్పుతో మనుషుల్ని నిలబెట్టి, రెండు ఓడల్నీ మావోన్‌కి తోలుకుపోయారు. నిన్న రాత్రి మేం దుప్పటి కప్పుకుని నిద్రపోతూ వచ్చిన దారి అది.

స్పీడీలో పోయినవాళ్ళు ముగ్గురు. లెఫ్టినెంట్ పార్కర్‌కి గట్టి గాయాలు. తన కింద చేసిన పార్కర్‌కి ప్రమోషన్ ఇవ్వమని కాక్రేన్ లండన్‌కి రాస్తే, చనిపోయినవాళ్ళు తక్కువ కాబట్టి కుదరదని నౌకాదళం పెద్ద సెయింట్ విన్సెంట్ జవాబిచ్చాడు. సెయింట్ విన్సెంట్‌కి ఆ బిరుదు తెచ్చిన యుద్ధంలో అతని ఓడలో పోయింది ఒక్కడే. కాక్రేన్ ఆ మాటే మొహం మీద కొట్టినట్టు తిరిగి రాశాడు, జీవితాంతం దానికి మూల్యం కట్టాడు. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా కోపం ఆగదు. మనుషుల్ని కాపాడుకుంటూ గెలవడం తప్పెలా అవుతుంది?

"ఆ ముగ్గురి ఇళ్ళకి ఎప్పుడు తెలిసుంటుందండీ?" అంది మా ఆవిడ, నీళ్ళకేసి చూస్తూ. ఉత్తరం వెళ్ళే ఓడ దొరకాలి, గాలి కలిసిరావాలి. వారాలు పట్టి ఉంటుంది.

మే 7, రైల్లో

బార్సిలోనా నుంచి అలికాంతే. ఎడమవైపు కిటికీ సీట్లు దొరికాయి కాబట్టి సముద్రం వదల్లేదు. దారిలో ఒరొపెసా వచ్చింది. 1801 జూన్‌లో స్పీడీ, కాంగరూ అనే ఇంకో స్లూపు కలిసి ఇక్కడ కోట కింద దాక్కున్న సరుకు ఓడల మీద పడ్డాయి. ఇప్పుడు అంతా అపార్టుమెంట్లు, బీచి గొడుగులు. ఒక్క నిమిషంలో దాటిపోయింది.

మే 8, అలికాంతే

శాంటా బార్బరా కోట 166 మీటర్ల కొండ మీద ఉంది. పైనుంచి చూస్తే తీరం రెండువైపులా అరచేతిలో పెట్టినట్టు.

గామోని గెలిచాక స్పీడీకి దక్కిన పని ఏమిటంటే, మావోన్ నుంచి జిబ్రాల్టర్ వెళ్ళే టపా పడవకి కాపలా. దారిలో ఈ అలికాంతే దగ్గర కొన్ని సరుకు ఓడలు కనబడ్డాయి. తరిమితే ఒడ్డుకెక్కేశాయి. లాగడానికి టైము లేక రాత్రి వాటికి నిప్పు పెట్టారు. ఒకదాంట్లో నూనె ఉంది. ఆ మంట వెలుగు చాలా దూరం కనబడింది.

జులై 3 తెల్లవారాక ఆ వెలుగు చూసి వచ్చిన మూడు పెద్ద ఓడలు ఎదురయ్యాయి. ఫార్మిదాబ్ల్, ఇందొంతాబ్ల్, దెజే. అధిపతి లినోవా. ఒక్కోదాంట్లో ఉన్న ఫిరంగులు స్పీడీకి ఐదారు రెట్లు. కాక్రేన్ ఫిరంగులన్నీ సముద్రంలోకి తోయించాడు, సామాను విసిరేయించాడు, తేలికపడి తప్పించుకోవాలని గంటల తరబడి మూడింటి మధ్య అటూ ఇటూ మెలికలు తిప్పాడు. గుండ్లు తాళ్ళని తెంపుతూనే ఉన్నాయి. చివరికి దెజే దగ్గరికొచ్చి ఒక్క పెట్టున పేల్చింది. అంత దగ్గర్నుంచి కూడా ఎక్కువ గుండ్లు గురి తప్పాయి. రెండోసారి అలా తప్పవు. జెండా దించమన్నాడు.

దెజే కెప్టెన్ క్రిస్టీ పాలియేర్ కాక్రేన్ చాచిన కత్తి తీసుకోలేదు. ఖైదీ అయినా కత్తి నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. శత్రువులో ఆ మర్యాద చూసి నాకు మనసు నిండింది.

పదమూడు నెలల్లో స్పీడీ యాభైకి పైగా ఓడల్ని, 122 ఫిరంగుల్ని, 534 మంది ఖైదీల్ని పట్టుకుందని కాక్రేన్ లెక్క. కోట గోడ మీద మోచేతులు ఆనించి ఆ నీళ్ళని చాలాసేపు చూశాను. ఆ బత్తాయంత గుండ్లు, ఆ 14 ఫిరంగులు ఈ అడుగునే ఎక్కడో ఉండి ఉండాలి.

మే 9

బస్సులు మారుతూ రోజంతా ప్రయాణం. ఒకచోట రెండో బస్సు అందదేమోనని బాగా టెన్షన్ పడ్డాం. అందింది. రాత్రికి ఆల్హెసిరాస్.

మే 10, జిబ్రాల్టర్

ఆల్హెసిరాస్ నుంచి చూస్తే అఖాతానికి అవతల జిబ్రాల్టర్ రాయి. లినోవా స్పీడీని వెంటబెట్టుకుని వచ్చి లంగరు వేసింది ఈ అఖాతంలోనే. 1801 జులై 6న ఇంగ్లీషు అడ్మిరల్ సోమరెజ్ దాడి చేశాడు. కాక్రేన్ దెజేలో ఖైదీగా ఉండి తనవాళ్ళ గుండ్లు తన మీదికే రావడం చూశాడు. హానిబల్ అనే పెద్ద ఇంగ్లీషు ఓడ నేల తట్టి ఇరుక్కుని లొంగిపోయింది. ఆ రోజు గెలుపు లినోవాది.

ఓడిపోయి జిబ్రాల్టర్ చేరిన సోమరెజ్ ఓడ సీజర్‌కి పెద్ద కొయ్య గుండ్లు తగిలి బాగా దెబ్బతిని ఉంది. దాని కెప్టెన్ జాలీల్ బ్రెంటన్, కాక్రేన్ కన్నా ముందు స్పీడీని నడిపినవాడు. కళాసీలు రాత్రింబవళ్ళు వంతులేసుకుని పనిచేసి ఐదారు రోజుల్లో కొత్త కొయ్య నిలబెట్టి, జులై 12న మళ్ళీ సముద్రంలోకి దిగారు. ఆ రాత్రి చీకట్లో రెండు పెద్ద స్పానిష్ ఓడలు, రియల్ కార్లోస్, సాన్ ఎర్మెనెహిల్దో, శత్రువనుకుని ఒకదాన్నొకటి కాల్చుకుని, అంటుకుని పేలిపోయాయి. దాదాపు 1,700 మంది పోయారు. ఈ సంగతి రాస్తుంటే చేయి ఆగుతోంది.

సరిహద్దు నడిచి దాటాం. ఎయిర్‌పోర్టు రన్‌వే మీదుగా నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళడం ఇక్కడే చూశాను. మెయిన్ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో సింధీవాళ్ళు. తరాలుగా ఇక్కడే ఉంటున్నారు. ఒకాయన మా మొహాలు చూసి హిందీలో పలకరించి, ఇంజినీర్ లేన్‌లో గుడి ఉందని దారి చెప్పాడు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుని వచ్చింది.

ట్రఫాల్గర్ స్మశానం చాలా చిన్నది, పాత గోడ పక్కన చెట్ల నీడలో. పేరు ట్రఫాల్గర్‌దే గానీ ఆ యుద్ధంలో గాయపడి ఇక్కడ పోయినవాళ్ళ సమాధులు రెండే. ఆల్హెసిరాస్‌లో పోయినవాళ్ళ రాళ్ళు ఇక్కడ ఉన్నాయి. అక్షరాలు అరిగిపోయాయి. వేలితో తడుముతూ ఒక్కో పేరూ కూడబలుక్కున్నాను. చదవగలిగినవన్నీ ఆఫీసర్ల పేర్లే. నాలుగణాల వాటాదార్ల పేర్లు రాళ్ళకి ఎక్కలేదు.

కాక్రేన్ ఖైదీల మార్పిడిలో విడుదలై, ఓడ పోగొట్టుకున్నందుకు ఇక్కడే విచారణకి నిలబడి నిర్దోషిగా బయటపడ్డాడు. స్పీడీ మాత్రం తిరిగి రాలేదు. నెపోలియన్ దాన్ని 1802లో పోపు పయస్ 7కి కానుకగా పంపాడు. సాన్ పావొలో అని కొత్త పేరు పెట్టారు. కొన్నేళ్ళకి పనికిరాదని విప్పేశారు.

జనవరి, విశాఖపట్నం

సంక్రాంతికి ఇంటికొచ్చాం. కనుమ మర్నాడు పొద్దున్న నాన్నా, నేనూ, మా అబ్బాయీ బీచికి వెళ్ళాం. డాల్ఫిన్స్ నోస్ మీద ఎండ పడుతోంది.

"ఏరా, లినోవా ఎటు నుంచి వచ్చాడంటావు?" అన్నారు నాన్న.

1804 సెప్టెంబరు. అప్పటికి ఇక్కడ హార్బరు లేదు, అది 1933లో వచ్చింది. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకంతా మసూలా పడవల మీద కెరటాలు దాటి వెళ్ళేది. మేకుల్లేకుండా పీచుతాళ్ళతో పలకలు కుట్టిన పడవలు, కెరటం కొడితే విరగకుండా వంగుతాయి. ఆ రోజు బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే కంపెనీ సరుకు ఓడలు రెండు, వాటికి కాపలాగా 50 ఫిరంగుల సెంచూరియన్ ఒక్కటే. దాని కెప్టెన్ లిండ్ ఊళ్ళో ఉన్నాడు. లినోవా 74 ఫిరంగుల మరెంగో, ఇంకో రెండు ఫ్రిగేట్లతో, అంటే దానికన్నా చిన్న యుద్ధనౌకలతో వచ్చాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ పోరు నడిపించాడు, మధ్యలో లిండ్ ఓడ చేరుకున్నాడు. బార్నబీ కెరటాల్లో ఒడ్డుకి కొట్టుకొచ్చి ముక్కలయింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ దెబ్బలు తిని కూడా నిలబడింది. లినోవా దాన్ని వదిలేసి వెళ్ళిపోయాడు. బొబ్బిలి కోట దగ్గర బుస్సీ ఫిరంగులు విన్న నేలకి ఫ్రెంచి మందుగుండు కొత్త కాదు. కానీ ఆ రోజు కెరటాల్లో పడవలు వేసిన మన వాడబలిజ, జాలరి కుటుంబాలవాళ్ళ గురించి ఎవరైనా ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

"నీ స్పీడీ ఎంతుంటుందిరా?" అన్నారు నాన్న.

పక్కనే కురుసుర జలాంతర్గామి, 91 మీటర్లు. దాని ముక్కు దగ్గర మా అబ్బాయిని నిలబెట్టి, ఇసకలో గజానికొక అంగ వేసుకుంటూ నడిచాను. ఇరవై ఆరు. మడమతో గీత గీశాను. కురుసుర ఇంకా ముప్పాతిక మిగిలే ఉంది.

నాన్న గీత దాకా మెల్లగా నడిచివచ్చారు. నలభై ఏళ్ళు ఓడలు చూసిన మనిషి. ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు చూసుకున్నారు.

"దీనికి వంటిల్లు ఎక్కడ పెట్టేవాళ్ళురా?" అన్నారు.